బల్లాటలో నలభై వేల హాజరు

మా గుమ్మడిపేట శాఖా గ్రంథాలయంలో ఒకే బుధవారం మధ్యాహ్నం ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది మంది పాఠకులు వరదలో కొట్టుకుపోయారన్న సంగతి మీరు పేపర్లో చదివి ఉండరు. పేపర్లో రాలేదు. ఫైల్లో మాత్రం ఉంది. ఆ ఫైలు మొదలుపెట్టినదీ, అందులో ప్రతి కాగితం మీద సంతకం చేసినదీ నేనే కనుక, జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత కూడా నాదే.

నా పేరు విశాలాక్షి. పదకొండేళ్ళుగా గుమ్మడిపేట గ్రంథపాలకురాలిని. మా గ్రంథాలయానికి రెండు గదులు, ఒక వరండా, నాలుగు బీరువాలు, ఆరు కుర్చీలు, ఒక పొడుగాటి బల్ల ఉన్నాయి. మామూలు రోజున పన్నెండు మంది పాఠకులు వస్తారు. వాన పడితే ఇరవై మంది దాకా వస్తారు, అయితే వాళ్ళు వరండా దాటి లోపలికి రారు.

ఆ ఏడాది వేసవిలో మా శాఖ పెద్దలు కొందరు గ్రంథాలయాల తీరు పరిశీలించడానికి విదేశాలకు వెళ్ళారు. అక్కడ ఏదో ఊళ్ళో, జనం బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ ఆడుకోవడం చూశారు. ఆశ్చర్యపోయారు. తిరిగొచ్చిన పదో రోజున సర్క్యులర్ వచ్చింది.

‘ఇందుమూలముగా సమస్త శాఖా గ్రంథపాలకులకు తెలియజేయునది ఏమనగా, ప్రజలయందు ఊహాశక్తిని నిర్ణీత కాలవ్యవధిలో పెంపొందించు నిమిత్తము, ప్రతి బుధవారము మధ్యాహ్నము మూడు గంటల నుండి ఐదు గంటల వరకు బల్లపై పాత్రధారణ క్రీడను తప్పనిసరిగా నిర్వహింపవలెను. ఊహించబడిన అంశములను నెలాఖరున నిర్ణీత నమూనాలో సమర్పింపవలెను.’

కింద ఉపసంచాలకులు శ్రీ దండిభొట్ల పరాంకుశరావుగారి ఆకుపచ్చ సంతకం ఉంది.

సర్క్యులర్ వెనకే ఒక పెట్టె వచ్చింది. పెట్టెలో ఆట నేర్పే పుస్తకం ఒకటి, ఇరవై ముఖాలున్న పాచిక ఒకటి ఉన్నాయి. స్టాకు రిజిస్టర్లో పాచికకి గడి లేదు. ‘ఆటవస్తువులు’ అనే గడి కూడా లేదు. చాలాసేపు ఆలోచించి ‘ఫర్నిచర్ – చిన్నది’ అని రాశాను.

మొదటి బుధవారం నలభై మంది వచ్చారు. ఏదో పంచిపెడతారని ఊళ్ళో ఎవరో అన్నారట. పంచడానికి పాచిక ఒక్కటే ఉందని తెలిశాక ముప్ఫై ఎనిమిది మంది వెళ్ళిపోయారు. ఇద్దరు మిగిలారు.

ఒకాయన గౌరునాయుడు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ముప్ఫై ఆరేళ్ళుంటాయి. స్తంభం ఎక్కితే ఆయనంత పనిమంతుడు ఆ చుట్టుపక్కల లేడని చెప్పుకుంటారు. దిగి నేల మీద నిలబడితే మాత్రం నత్తి. లైన్ ఇన్‌స్పెక్టర్ ప్రమోషన్‌కి ఇంటర్వ్యూ ఉంటుంది. రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ మొదటి ప్రశ్న దగ్గరే లేచి వచ్చేశాడు. మూడోసారి సెప్టెంబరు ఆఖరున ఉంది. అదే ఆఖరుసారి.

రెండో మనిషి నీలవేణి. బస్టాండులో బజ్జీల బండి ఆమెది. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా బేరాలుండవు కనుక నీడ కోసం వచ్చింది.

“ఏ పాత్ర కావాలమ్మా?” అని అడిగాను.

“మేడంగారండీ, నాకు మాటలొద్దు. పొద్దున్నుంచి మాటలాడే బజ్జీలమ్మాను. నాకు కత్తియ్యండి,” అంది.

ఆమెను సేనాధిపతి చండిగా రాసుకున్నాను. గౌరునాయుడి వైపు తిరిగాను. ఆయన కుర్చీ అంచుకి జరిగి, “నా... నాకు... రా... రాయబారి,” అన్నాడు.

నీలవేణి ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నేను రాసుకున్నాను.

ఇద్దరితో ఆట నడపడమెలాగో ఆ పుస్తకంలో లేదు. అది ఆరుగురి కోసం రాసిన పుస్తకం. చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను. ఆరుగురుంటే ఒకడు ఆడుతుంటే ఐదుగురు గోళ్ళు చూసుకుంటూ కూర్చోవచ్చు. ఇద్దరున్న చోట అది కుదరదు. ప్రతి నిమిషం నీ వంతే. అలాగే ఇద్దరి మీదికి పుస్తకంలో చెప్పినట్టు పది మంది రాక్షసుల్ని వదిలితే ఆట పది నిమిషాల్లో అయిపోతుంది. అందుకని ఒకే రాక్షసుణ్ణి పెట్టాను. వాడి పేరు ఏరుమింగుడు. ఒక రాజ్యంలో పారే ఏరు మొత్తాన్ని గట్లతో సహా మింగేసి, కొండ మీద కూర్చున్నాడు. ఏరు తిరిగి తేవాలి. దారిలో తోడు లేకపోతే బిక్కుబిక్కుమంటుందని సామాన్లు మోయడానికి ఒక గాడిదను, సత్రం నడిపే ఒక అవ్వను కూడా ఇచ్చాను. వాళ్ళ మాటలూ నేనే మాట్లాడేదాన్ని.

రెండో బుధవారం ఒక వింత జరిగింది. దారికి అడ్డంగా కోట వచ్చింది. కాపలావాడు “ఎవరు మీరు?” అన్నాడు, అంటే నేనన్నాను. గౌరునాయుడు లేచి నిలబడ్డాడు. “మేము ఎండిపోయిన రాజ్యం నుంచి వస్తున్న రాయబారులం. మా చేతిలో ఆయుధం ఒక్కటే, మా మాట. తలుపు తియ్యండి,” అన్నాడు.

ఎక్కడా ఆగలేదు. తడబడలేదు. నీలవేణి చేతిలో పాచిక కింద పడిపోయింది.

“బాబూ, మీకు నత్తి పోయిందేటి?” అంది.

“నా... నాకు కా... కాదండి. అది రా... రాయబారికి,” అన్నాడాయన.

ఆ రోజు నుంచి బుధవారం కోసం ముగ్గురం ఎదురుచూడటం మొదలుపెట్టాం. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.

నెలాఖరున నమూనా నింపి పంపాను. హాజరు: ఇద్దరు. వారంలో మెమో వచ్చింది.

‘సమూహము అనగా ఐదుగురికి తక్కువ కాని వ్యక్తుల కలయిక. ఇరువురు కలిసి మాట్లాడుకొనుట క్రీడ కానేరదు, సంభాషణ మాత్రమే. సంభాషణకు ఈ శాఖ అనుమతి లేదు. కావున పదిహేను రోజులలో హాజరు సరిచేయనియెడల క్రీడ నిలిపివేయబడి, పాచిక వాపసు తీసుకొనబడును.’

గౌరునాయుడికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, నా చేతికిచ్చాడు. “ఇం... ఇంటర్వ్యూ దాకా ఉం... ఉంటుందనుకున్నానండి,” అన్నాడు.

మర్నాడు బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ సూపరింటెండెంటు ధర్మలింగంగారు. ఫైళ్ళలో పుట్టి ఫైళ్ళలో పెరిగినంత అనుభవం ఆయనది. నా గోడంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నమూనాలో ఏడో గడి చదివారా అమ్మా?”

“చదివానండి. ‘పాల్గొన్న పాత్రల సంఖ్య’ అనుంది.”

“మనుషుల సంఖ్య అని ఉందా?”

“లేదండి.”

“మరింకేటి? మీ కథలో ఎంతమంది ఉన్నారో చెప్పండి.”

“సేనాధిపతి, రాయబారి, సత్రం అవ్వ, రాక్షసుడు. కోట కాపలావాడిలా ఒక్కసారి కనిపించి పోయేవాళ్ళు కాక నలుగురు. ఒక గాడిదుందనుకోండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. “గాడిద మాట్లాడుతుందా?”

“ఇంతవరకు లేదండి.”

“మాట్లాడించండి. మాట్లాడేది పాత్రవుతుంది. మాట్లాడనిది సామానవుతుంది. సామాను హాజరుపట్టీలోకి రాదు.”

ఆ బుధవారం కథ మధ్యలో గాడిద నోరు తెరిచి, దాహమేస్తోందంది.

“ఏటి మేడంగారూ, గాడిదికి మాటలొచ్చీసాయేటి?” అని నీలవేణి ఆశ్చర్యపోయింది.

“వచ్చాయి. అవసరం పడింది,” అన్నాను.

హాజరు ఐదు అని రాసి పంపాను. ‘సంతృప్తికరము’ అని జవాబు వచ్చింది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

ఆగస్టులో ఒక బుధవారం, ఏరుమింగుణ్ణి ఇద్దరూ ఒక గాడిదా కలిసి ఎదుర్కోలేరని తేలిపోయి, పక్క రాజ్యానికి సైన్యం అడగడానికి వెళ్ళారు. రాజు ఇవ్వనన్నాడు. నిజానికి నాకే ఇవ్వాలని లేదు. సైన్యమొస్తే ఆట చెడుతుంది. గౌరునాయుడు మాట్లాడటం మొదలుపెట్టాడు. పావుగంట మాట్లాడాడు. ఎండిన ఏట్లో పడవలు బోర్లా పడి ఉన్నాయన్నాడు. ఏరు అడుగున ఇన్నాళ్ళూ కనిపించని రాళ్ళను పిల్లలు పేర్లు పెట్టి పిలుస్తున్నారన్నాడు. నీలవేణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆఖరున పాచిక వేస్తే ఇరవై పడింది. అంతకంటే పెద్ద సంఖ్య ఆ పాచికలో లేదు.

“ఎంతమంది కావాలి?” అని రాజు అడిగాడు.

“నలభై వేలు,” అన్నాడు గౌరునాయుడు.

ఇచ్చాను. ఆ నెల నమూనాలో నిజమే రాశాను. నలభై వేల ఐదు.

పది రోజుల్లో అభినందన పత్రం వచ్చింది. రాష్ట్రంలోకెల్లా అత్యధిక హాజరు నమోదు చేసిన శాఖ మాదేనట. మా వెనక ఉన్న శాఖ హాజరు పద్నాలుగు. ‘పరిమిత వనరులతో అపరిమిత ప్రజానీకమును ఆకర్షించిన తమ కృషి మిగుల శ్లాఘనీయము’ అని పరాంకుశరావుగారు స్వహస్తాలతో రాశారు.

ఆ మర్నాడు ఒక ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. యాభై మంది పాఠకులకు ఒక మరుగుదొడ్డి చొప్పున ఎనిమిది వందలు కట్టాలని ఉత్తర్వు. గ్రంథాలయం చుట్టూ కొలిచాడు. మొత్తం స్థలంలో పదకొండు పట్టాయి.

“మిగిలినవెక్కడ కట్టమంటారు మేడం?” అని అడిగాడు.

“మా పాఠకులు కొండ దగ్గర గుడారాలు వేసుకుని ఉన్నారండి. తొందరేం లేదు,” అన్నాను.

ఆయన ‘పాఠకులు ప్రస్తుతము క్షేత్రస్థాయిలో ఉన్నారు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత లారీ వచ్చింది. అందులో నలభై వేల సభ్యత్వ దరఖాస్తులు. ప్రతి సైనికుడూ తండ్రిపేరు, చిరునామా, వేలిముద్రతో మూడు ప్రతుల్లో నింపాలి. దించేసరికి రెండు గదులూ నిండిపోయాయి. బల్లను వరండాలోకి జరుపుకున్నాం. రోజూ వచ్చే పన్నెండు మంది పాఠకులు గుమ్మంలోంచి తొంగి చూసి, పుస్తకాలు కనిపించక వెనక్కి పోయారు. నిబంధనల ప్రకారం వాళ్ళ వల్ల ఇబ్బంది లేదు. నలభై వేల ఐదులో పన్నెండు ఎంత?

నేను మళ్ళీ బస్సెక్కి ధర్మలింగంగారి దగ్గరికి వెళ్ళాను. “అయ్యా, వాళ్ళు నిజం మనుషులు కాదని పైకి రాద్దామండి.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “నాకు తెలుసమ్మా, మీకు తెలుసు. ఫైలుకి తెలీదు కదా. ఇప్పుడు లేరని రాస్తే, ఇదివరకు ఉన్నారని రాసింది అబద్ధమవుతుంది. అబద్ధం రాస్తే సస్పెన్షన్. కథలో వాళ్ళని మెల్లిగా ఇంటికి పంపించీండి. వారానికి ఓ వెయ్యి మందిని.”

మంచి సలహానే. అలాగే చేద్దామనుకున్నాను. కాని ఆ బుధవారమే నీలవేణికి కోపం వచ్చింది.

“ఎన్నాళ్ళని గుడారాల్లో కూచుంటాం మేడంగారూ? ఇవాళ ఆడి మీదకి ఎల్లిపోదాం,” అంది.

“ఇంకా దరఖాస్తులు నింపలేదు,” అన్నాను.

“సేనాధిపతిని నేనా, మీరా?”

ఆ ప్రశ్నకు ఆట పుస్తకంలో ఒకటే జవాబుంది. ఆమే. నలభై వేల మందితో కొండెక్కింది. కత్తెత్తి పాచిక వేసింది. ఒకటి పడింది. ఒకటి పడితే ఏమవుతుందో చెప్పాల్సింది నేను. ఏరుమింగుడికి దుమ్ము పోయి తుమ్ము వచ్చింది. తుమ్ముతో ఏట్లో సగం నీళ్ళు బయటికొచ్చాయి. సైన్యం కొట్టుకుపోయింది. చెట్టెక్కిన ఇద్దరు సైనికులు మాత్రం మిగిలారు.

“నేనేటి చేసీసాను?” అంది నీలవేణి. ఆ రోజు బండి తెరవలేదని తర్వాత విన్నాను.

అభినందన వచ్చినప్పటి నుంచి మా శాఖ హాజరు వారం వారం పంపమన్నారు కనుక, ఏడు అని రాసి పంపాను. ఈసారి మెమో కాదు, తాఖీదు వచ్చింది. ‘గత మాసము నలభై వేల ఐదుగా ఉన్న హాజరు హఠాత్తుగా ఏడుకు పడిపోవుటకు గల కారణములేవి? ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది మంది పాఠకుల ఆచూకీ ఏమైనది? ఈ విషయమై ఉపసంచాలకుల అధ్యక్షతన విచారణ సంఘము నియమింపబడినది. విచారణ ముగియువరకు క్రీడ నిలిపివేయబడినది.’

గౌరునాయుడి ఇంటర్వ్యూకి అప్పటికి సరిగ్గా తొమ్మిది రోజులుంది.

మర్నాడే బుధవారం. మూడింటికి పరాంకుశరావుగారు వచ్చారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా, జేబులో ఆకుపచ్చ సిరా కలం. వెంట కమిటీ సభ్యుడిగా ధర్మలింగంగారు, నోట్సు పుస్తకంతో. వరండాలో బల్లకి ఒకవైపు వాళ్ళిద్దరు, ఇంకోవైపు మేం ముగ్గురం. గదుల్లోంచి దరఖాస్తుల కట్టలు మమ్మల్ని చూస్తున్నాయి.

“ఘటనకు బాధ్యులెవరు?” అన్నారు పరాంకుశరావుగారు.

“నేనేనండి,” అని నీలవేణి లేచింది. “నా చేత్తోనే పడింది. ఒకటి.”

“ఏమి పడినది? స్పష్టముగా చెప్పవలెను.”

ఆమె పాచిక చూపించింది. ఆయన దాన్ని రుమాలుతో పట్టుకుని నలువైపులా తిప్పి చూసి, బల్ల మీద పెట్టారు. “ఘటనాస్థలము ఎక్కడ?”

“కొండ మీదండి,” అన్నాను. “కథలో.”

“ఘటనాస్థలమును విచారణాధికారి స్వయముగా సందర్శింపనిదే విచారణ చెల్లనేరదు. నిబంధన ఉన్నది. అచ్చటికి వెళ్ళు మార్గమేమి?”

ధర్మలింగంగారు నా వైపు చూసి, మెల్లిగా తల ఊపారు. నేను ఒక ఖాళీ పాత్ర కాగితం పరాంకుశరావుగారి ముందు పెట్టాను. ఆయన శ్రద్ధగా నింపారు. పాత్ర పేరు: దండిభొట్ల పరాంకుశరావు. వృత్తి: ఉపసంచాలకులు. ఆయుధం: ఆకుపచ్చ సిరా కలము. బలహీనతలు అన్న గడిలో కొద్దిసేపు ఆగి, ‘వర్తించదు’ అని రాశారు.

ఆట మొదలైంది. మొదట ఆయన ఇబ్బందిగా కదిలారు. సత్రం అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. “లైసెన్సు ఉన్నదా?” అని అవ్వను అడిగారు. గాడిద ఎక్కమంటే, తన హోదాకు తగిన వాహనం కాదన్నారు. అరగంట నడిచాక ఎక్కారు. కొండ ఎక్కుతుంటే ఎండ ఎలా ఉందో, వరద వచ్చి పోయిన ఏటి ఇసుక ఎలా మెరుస్తోందో నేను చెబుతుంటే, ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నీలవేణి ఆయన పక్కనే కత్తి పట్టుకుని నడుస్తోంది.

కొండ మీద ఏరుమింగుడు కూర్చుని ఉన్నాడు. తాటిచెట్టంత కాళ్ళు. పొట్టలో ఏరు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పరాంకుశరావుగారు గాడిద దిగి, వాడి ముందుకెళ్ళి నిలబడ్డారు. “మీరు ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది మంది పాఠకులపై అనుమతి లేకుండ తుమ్మినట్లు అభియోగము. ఏడు రోజులలో లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వవలెను.”

“నాకు రాయడం రాదు,” అన్నాడు ఏరుమింగుడు, నా గొంతుతో.

“అట్లయిన వేలిముద్ర వేయవలెను.”

“సార్, ఎనక్కి రండి,” అంది నీలవేణి. “ఆడు నోరు తెరుస్తన్నాడు. మింగీసేలాగున్నాడు.”

“నేను విచారణాధికారిని. నన్ను మింగుటకు ముందస్తు అనుమతి పొందవలెను.”

“పాచిక వెయ్యండి సార్,” అన్నాను. “ఐదు దాటితే తప్పించుకుంటారు.”

ఆయన రుమాలు పక్కన పడేసి, పాచికను రెండు చేతుల్లో ఆడించి, కళ్ళు మూసుకుని వేశారు. రెండు పడింది.

ఏరుమింగుడు ఆయన్ని మింగేశాడు.

ధర్మలింగంగారి కలం చప్పుడొక్కటే వినిపించింది. ఆయన గడియారం చూసి, రాసింది పైకి చదివారు. “నాలుగు గంటల పది నిమిషములకు అధ్యక్షులవారు ఘటనాస్థలమందు మింగబడిరి. సభ్యులందరూ ప్రత్యక్ష సాక్షులు. అధ్యక్షులు లేని కారణమున విచారణ సంఘము రద్దయినది.” నోట్సు పరాంకుశరావుగారి ముందుకి జరిపారు. “సార్, జరిగింది జరిగినట్టే ఉందో లేదో చూసి, సంతకం పెట్టండి.”

పరాంకుశరావుగారు రెండుసార్లు చదివారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తప్పు కాగితం మీద సంతకం పెట్టని మనిషి. ఒప్పు కాగితం మీద పెట్టకుండా ఉన్నదీ లేదు. పెట్టారు.

ఆ కాగితం పై ఆఫీసుకు చేరింది. పాత్రలకు జరిగింది పాఠకులకు జరిగినట్టేనని అంతకుముందే నమోదైపోయి ఉంది కనుక, ఉపసంచాలకులు మింగబడినట్టు అక్కడా నమోదైంది. చనిపోయారందామంటే ధ్రువపత్రం లేదు. సెలవులో ఉన్నారందామంటే సెలవు నిబంధనల్లో ‘మింగబడుట’ అన్న రకం లేదు. ఖాళీ అందామంటే మనిషి రోజూ పదింటికి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటున్నారు. దాంతో ఆయన బల్ల మీదికి ఫైళ్ళు పంపడం మానేశారు. క్రీడ నిలిపివేత కొనసాగించాలన్నా, కొత్త విచారణ వెయ్యాలన్నా సంతకం పెట్టాల్సింది ఆయనే. ఉత్తర్వుకి దిక్కు లేకపోయింది. మేం మళ్ళీ ఆట మొదలుపెట్టాం.

తర్వాతి బుధవారం సరిగ్గా మూడింటికి పరాంకుశరావుగారు వచ్చారు. ఒక్కరే. బస్సులో వచ్చినట్టున్నారు, చొక్కా నలిగింది. వరండా మెట్టు దగ్గర ఆగి, “అమ్మా, నన్ను బయటికి తీసే వీలుందా?” అన్నారు. గ్రాంథికం పోయింది.

“కథలో మింగాడు కదా సార్. కథలోనే తియ్యాలి,” అన్నాను.

“కత్తితో పొట్ట కోసీనా?” అంది నీలవేణి ఉత్సాహంగా.

“వద్దమ్మా,” అన్నారాయన కంగారుగా. “నేను లోపలున్నాను.”

గౌరునాయుడు లేచాడు. మర్నాడు ఉదయం పదింటికి ఆయన ఇంటర్వ్యూ. ఏరుమింగుడి ముందుకెళ్ళి నిలబడ్డాడు. “దాహమేసి ఒక్క గుక్క తాగుదామని వంగి ఉంటావు. ఆపడం తెలియక ఏరంతా తాగేశావు. ఆ తర్వాత సిగ్గేసి నోరు మూసుకుని కూర్చున్నావు. ఎవరడిగినా మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని నీకు భయం. నాకు తెలుసు. నేనూ అలాగే కూర్చున్నాను చాలా ఏళ్ళు. ఒక్కసారి తెరిచి చూడు. మేం ఎక్కడికీ పోం.”

నేను పాచిక అందుకోలేదు. అంత బాగా మాట్లాడాక పాచికను అడగడం న్యాయం కాదనిపించింది. ఏరుమింగుడు నోరు తెరిచాడు.

“రండి సార్. దారుంది,” అన్నాను.

పరాంకుశరావుగారు రాలేదు. గౌరునాయుణ్ణే చూస్తున్నారు. కాసేపటికి, “లోపల ఏముందమ్మా?” అని అడిగారు.

“ఏట్లో సగం మిగిలుందండి. గట్టుంది. గట్టు మీద చెట్లు. ఒక పడవ కూడా ఉండాలి.”

“ఫైళ్ళు?”

“లేవండి.”

“వచ్చే వారం చూద్దాం,” అన్నారు. “ఇవాళ తొందరేం లేదు.”

మర్నాడు గౌరునాయుడు ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఏం జరిగిందో ఆ పై బుధవారం దాకా మాకు తెలీదు. ఆ రోజు ఆయన అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు.

“రా... రాయబారి రాలేదండి,” అన్నాడు. “పి... పిలిచాను. రా... రాలేదు. నే... నేనే మా... మాట్లాడాను. ప... పది నిమిషాల ఇం... ఇంటర్వ్యూ న... నలభై నిమిషాలు ప... పట్టింది. లే... లేచి రాలేదు.”

“మరి?” అంది నీలవేణి.

“పా... పా...”

మాట అక్కడ ఆగింది. నీలవేణి నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. నేను హాజరుపట్టీ వైపు చూశాను. ప్రతి కాగితానికీ గడువు పెట్టే పరాంకుశరావుగారు, తన చేతి గడియారాన్ని చొక్కా కిందికి జరుపుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మా వరండాలో ఎవరికీ ఏ తొందరా లేదు. రోడ్డు మీద ఒక బస్సు వచ్చి, మనుషుల్ని దించి, వెళ్ళిపోయింది.

“పా... పాసయ్యానండి,” అన్నాడు గౌరునాయుడు.

నీలవేణి పొట్లం విప్పింది. బజ్జీలు వేడిగా ఉన్నాయి. తిన్నాం. చేతులు తుడుచుకుని నేను ఆట పుస్తకం తెరిచాను.

“సార్, ఏరుమింగుడు పోయిన వారం నుంచి నోరు తెరుచుకునే ఉన్నాడు. మీరు వస్తారని చూస్తున్నాడు,” అన్నాను.

“చూశాను,” అన్నారు పరాంకుశరావుగారు, పడవలో వెనక్కి వాలినట్టు కుర్చీలో వెనక్కి వాలి. “కొంచెం మూసుకోమనండమ్మా. ఎండ పడుతోంది.”